జీఎంసీ బాలయోగి: ఎదుర్లంక నుంచి స్పీకర్ కుర్చీ దాకా.. ఆ హెలికాప్టర్‌కు ఏం జరిగింది?

2002 మార్చి 3, ఆదివారం ఉదయం. భీమవరంలో ఓ హెలికాప్టర్ గాల్లోకి లేచింది. అందులో లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి ఉన్నారు. కాసేపటికే కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో అది కూలిపోయింది. బాలయోగితో పాటు పైలట్, సెక్యూరిటీ ఆఫీసర్ కూడా చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లే. ఆ వార్తతో కోనసీమ మొత్తం కన్నీళ్లు పెట్టుకుంది.

లంక ఊరి కుర్రాడు

పూర్తి పేరు గంటి మోహన చంద్ర బాలయోగి. 1951 అక్టోబర్ 1న గోదావరి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టారు. రైతు కుటుంబం. కాకినాడలో పీజీ, ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివి కాకినాడలోనే ప్రాక్టీస్ పెట్టారు. మెజిస్ట్రేట్ ఉద్యోగం వచ్చినా వదిలేసి రాజకీయాల్లోకి వచ్చారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు. 1991లో టీడీపీ తరఫున అమలాపురం ఎంపీగా గెలిచారు. 1996లో ఓడిపోయినా, ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ ఎంపీ. అదే ఏడాది మార్చి 24న స్పీకర్ కుర్చీ ఎక్కారు. ఆ పదవి చేపట్టిన తొలి దళిత నేత ఆయనే.

ఒక్క ఓటు రోజు

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికే ఒడిశా సీఎంగా ఉన్న గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటేయొచ్చా అన్నది పెద్ద చర్చ. ఆ నిర్ణయాన్ని బాలయోగి గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. అయినా ఎన్నికల తర్వాత సభ మళ్లీ ఆయన్నే స్పీకర్‌గా ఎన్నుకుంది. 2001 డిసెంబర్‌లో పార్లమెంట్‌పై దాడి జరిగినప్పుడూ స్పీకర్ ఆయనే.

బ్లాక్ బాక్స్ లేకపోతే ఎలా తెలుస్తుంది?

మొదట సాంకేతిక లోపం అన్నారు. తర్వాత వేరే విషయం బయటపడింది. దారి సరిగా కనపడక కిందకి దించుతుంటే, నేల అనుకున్నది చేపల చెరువు. వెంటనే పైకి లేపబోయే సరికి కొబ్బరి చెట్టుకు తగిలి కూలిపోయింది.

అది బెల్ 206, చిన్న హెలికాప్టర్. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం బ్లాక్ బాక్స్ తప్పనిసరి అయ్యేది ప్రధానంగా పెద్ద, బరువైన వాటికే. ఇలాంటి చిన్న వాటి ప్రమాదాల్లో దర్యాప్తు అధికారులకు దిక్కు శకలాలు, ఇంజిన్, రెక్కలు విరిగిన తీరు, వాతావరణ రిపోర్టులు, చూసిన వాళ్ల మాటలే.

బ్లాక్ బాక్స్ ఉంటే కథ వేరేగా ఉంటుంది. పేరుకే బ్లాక్, రంగు మాత్రం నారింజ. మంటల్లో, నీళ్లలో పడినా తట్టుకునేలా చేస్తారు. ఒకటి ఎత్తు, వేగం, ఇంజిన్ లెక్కలు రాసుకుంటుంది. ఇంకొకటి కాక్‌పిట్‌లో మాటలు, అలారం శబ్దాలు రికార్డు చేస్తుంది. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన సీఎం వైఎస్ హెలికాప్టర్ బెల్ 430లో వాయిస్ రికార్డర్ దొరికింది. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ సమస్య రావడం, పైలట్లు మాన్యువల్‌లో పరిష్కారం వెతుకుతూ ఉండిపోవడం, అదే టైంలో భారీ వర్షంలో చిక్కుకోవడం దాని వల్లే తెలిశాయి. బాలయోగి హెలికాప్టర్ చివరి నిమిషాల గురించి అంత వివరంగా చెప్పే గొంతు మనకు లేదు.

ఊరు మర్చిపోలేదు

ఆయన పోయాక భార్య విజయకుమారి అదే సీటు నుంచి ఎంపీ అయ్యారు. 2024లో కొడుకు హరీష్ మాధుర్ గెలిచారు. గౌతమి గోదావరిపై యానాం-ఎదుర్లంక వారధికి బాలయోగి పేరే పెట్టారు. ఒకప్పుడు పంటు కోసం రేవులో ఎదురుచూసిన జనం ఇప్పుడు నిమిషాల్లో దాటేస్తున్నారు. కానీ ఆయన కల అయిన కోటిపల్లి-నర్సాపురం రైలు మాత్రం అమలాపురానికి ఇంకా రాలేదు.