నీటి పరీక్షకు నిలిచిన గడియారం: హాన్స్ విల్స్‌డోర్ఫ్

భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి కర్మాగారంలో పనిచేసేవారికి హైడ్రో టెస్టు అనే మాట కొత్త కాదు. గొట్టాన్ని గానీ, సిలిండరును గానీ వాడకానికి ముందు నీటితో నింపి, ఒత్తిడి పెంచి, ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు. చేతి గడియారానికీ ఇలాంటి పరీక్షే ఉంది. అయితే గొట్టంలో ఒత్తిడి లోపలి నుంచి బయటికి, గడియారం మీద బయటి నుంచి లోపలికి పనిచేస్తుంది. ఈ పాఠంలో, గడియారంలోకి నీరు చొరకుండా చేయడానికి పాటుపడిన వ్యాపారి హాన్స్ విల్స్‌డోర్ఫ్ జీవితాన్ని తెలుసుకుందాం.

విల్స్‌డోర్ఫ్ 1881 మార్చి 22న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, కుల్మ్‌బాఖ్ పట్టణంలో జన్మించాడు. పన్నెండేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. మేనమామలు కుటుంబ వ్యాపారాన్ని అమ్మివేసి, పిల్లలను వసతి పాఠశాలలో చేర్పించారు. చదువు ముగిశాక అతడు స్విట్జర్లాండు చేరి, 1900లో లా షో-ద-ఫోన్ పట్టణంలోని ఒక గడియారాల ఎగుమతి సంస్థలో గుమాస్తాగా కుదిరాడు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడంతో పాటు రోజూ వందల జేబు గడియారాలకు కీ ఇచ్చి, సమయం సరిగా చూపుతున్నాయో లేదో చూడటం అతని పని. విసుగు పుట్టించే పనే. కానీ గడియారాన్ని నమ్మే ముందు పరీక్షించాలన్న అలవాటు అక్కడే అబ్బి ఉంటుంది.

1905లో లండనులో బావమరిది ఆల్‌ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి సొంత వ్యాపారం ప్రారంభించాడు. 1908లో రోలెక్స్ అనే పేరును నమోదు చేశాడు. ఆ రోజుల్లో చేతి గడియారమంటే స్త్రీల ఆభరణమనీ, అది సమయం సరిగా చూపదనీ అనుకునేవారు. 1914లో ఇంగ్లండులోని క్యూ పరిశీలనశాల అతని చిన్న గడియారానికి ఉన్నత శ్రేణి ధ్రువపత్రం ఇచ్చింది. యుద్ధకాలంలో దిగుమతి సుంకం మూడింట ఒక వంతుకు పెరగడంతో, తర్వాత సంస్థను జెనీవాకు తరలించాడు.

సమయం సరిపోయింది, కాని దుమ్మూ తేమా మిగిలాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లో పాత గడియారం ఉంటే ఒకసారి చూడండి. అద్దం అంచు, వెనుక మూత, పక్కనుండే కీ బొడిపె, ఈ మూడే దారులు. మొదటి రెండింటినీ బిగించవచ్చు. రోజూ తిప్పవలసిన కీని బిగించడం ఎలా? మరలా తిరిగి బిగుసుకునే బొడిపెకు మరో ఇద్దరు స్విస్ పనివారు పొందిన హక్కును విల్స్‌డోర్ఫ్ కొన్నాడు. 1926లో ఆ పద్ధతితో తయారైన గడియారానికి ఆయిస్టర్, అంటే ముత్యపుచిప్ప, అని పేరు పెట్టాడు.

అయినా జనం నమ్మాలి కదా! 1927 అక్టోబరు 7న మెర్సిడీజ్ గ్లైట్జ్ అనే లండను టైపిస్టు ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదింది. ఆ ఘనత సాధించిన తొలి బ్రిటిషు మహిళ ఆమె. కొద్ది రోజులకే మరొకరు ఈదానని చెప్పి, అది బూటకమని ఒప్పుకోవడంతో, గ్లైట్జ్ మాట మీద కూడా సందేహం పడింది. నిజం నిరూపించుకోవడానికి ఆమె అక్టోబరు 21న మళ్లీ నీటిలో దిగింది. విల్స్‌డోర్ఫ్ ఇచ్చిన ఆయిస్టర్‌ను ఆమె మెడలో వేసుకుంది. పది గంటలకు పైగా చల్లని నీటిలో పోరాడి, ఒడ్డు చేరకముందే పడవెక్కవలసి వచ్చింది. గడియారం మాత్రం సరిగా నడుస్తూనే ఉంది. నెల తర్వాత లండను పత్రిక మొదటి పుటలో అతడు పెద్ద ప్రకటన వేయించాడు. ఛానెల్ దాటిన నాడే గడియారం ఆమె వద్ద ఉందని నేటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈతగత్తె నీటి పైభాగంలోనే ఉంటుంది. కనుక అది చలికీ, కాలానికీ పరీక్షే గాని, లోతుకు పరీక్ష కాదు. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అందుకే ఒత్తిడి పరీక్షకు మందపాటి పారదర్శక పాత్ర వాడతారు. సగం నీరు పోసి, గడియారాన్ని నీటికి పైన వేలాడదీసి, గాలి కొట్టి ఒత్తిడి పెంచుతారు. కొన్ని నిమిషాలాగి, గడియారాన్ని నీటిలో ముంచి, ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తారు. సందు ఉంటే లోపల చేరిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది. వెంటనే గడియారాన్ని పైకి లాగేస్తారు. గాలి బయటికి వస్తున్నంతసేపు నీరు లోపలికి పోదు. ఎందుకో మీరే ఆలోచించండి. పెట్టె మీద 30 మీటర్లు అని ఉంటే, అది పరీక్షలో పెట్టిన ఒత్తిడి లెక్క. దానితో 30 మీటర్ల లోతున ఈదవచ్చని అర్థం కాదు. లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిస్తే గట్టిపడతాయి కాబట్టి, మూత విప్పిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఆయిస్టర్‌కూ ఒక లోపముండేది. కీ ఇచ్చాక బొడిపె బిగించడం మరచిపోతే నీరు చొరబడుతుంది. 1931లో అతని సంస్థ చేతి కదలికతోనే కీ పడే యంత్రాన్ని తీసుకురావడంతో, బొడిపె విప్పే పని చాలావరకు తప్పింది.

1944లో భార్య ఫ్లోరెన్స్ మరణించింది. వారికి పిల్లలు లేరు. మరుసటి ఏడాది తన పేరిట ధర్మసంస్థ స్థాపించి, తన తదనంతరం వ్యాపారం దానికే చెందేలా ఏర్పాటు చేశాడు.

1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్ట్ అనే జలాంతర నౌకలో పసిఫిక్ మహాసముద్రపు మరియానా అగాధానికి దిగారు. నౌక వెలుపల అతని సంస్థ ప్రత్యేకంగా చేసిన గడియారాన్ని బిగించారు. సుమారు 10,900 మీటర్ల లోతున, వెయ్యి వాతావరణాలకు మించిన ఒత్తిడిని తట్టుకొని, అది నడుస్తూనే పైకి వచ్చింది. అప్పటికి విల్స్‌డోర్ఫ్‌కు 78 ఏళ్లు. అదే ఏడాది జులై 6న జెనీవాలో మరణించాడు.