నవ్వించిన దర్శకుడు.. కంటి ఆస్పత్రికి పేరయ్యారు! ఎల్వీ ప్రసాద్ కథ తెలుసా?

కొండపల్లి: పొణికి చెక్క బొమ్మకు కళ్లు, కనుబొమ్మలు దిద్దాలంటే సన్నటి కుంచె ఒక్కటే చాలదు. దిద్దే మనిషికి చూపూ సరిగ్గా ఉండాలి. నలభై దాటి చత్వారం మొదలైతే దగ్గరి గీతలు మసకబారతాయి. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతయ్యను తెరపై చూస్తే నవ్వొస్తుంది. కానీ చేతిపనితో బతికేవాళ్లకు అది నవ్వులాట కాదు, కూటి సమస్య.

కొండపల్లి, విజయవాడ చుట్టుపక్కల కంటి ఆస్పత్రి మాటొస్తే వినిపించే పేర్లలో ఎల్వీ ప్రసాద్ ఒకటి. ఆయన కంటి డాక్టరేమో అనుకుంటే పొరపాటే. జనాన్ని కడుపుబ్బా నవ్వించిన సినిమా దర్శకుడాయన!

అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. సొంతూరు ఏలూరు దగ్గర సోమవరప్పాడు. రైతు కుటుంబం. ఇల్లు అప్పుల్లో పడ్డ రోజుల్లో ఎవరికీ చెప్పకుండా బొంబాయి రైలెక్కారు. అక్కడ చిన్నాచితకా పనులు చేస్తూనే స్టూడియోల్లోకి అడుగుపెట్టారు. 1931లో ఆలం ఆరా, కాళిదాస్, 1932లో భక్త ప్రహ్లాద.. హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ చిన్న వేషాలు వేశారు.

1949లో మనదేశం సినిమాతో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేసింది ఆయనే. ఆ తర్వాత పెళ్లిచేసి చూడు, మిస్సమ్మ, అప్పుచేసి పప్పుకూడు.. వరుసగా నవ్వుల పంటే. ఉద్యోగం కోసం పెళ్లికాని ఇద్దరు మొగుడూపెళ్లాలుగా నటించే మిస్సమ్మ కథ టీవీలో వస్తే ఇప్పటికీ ఛానల్ మార్చబుద్ధి కాదు.

విశేషం ఏంటంటే, ఆయన సినిమా జీవితంలో కళ్ల ప్రస్తావన పదేపదే వస్తుంది. 1959లో తీసిన ఛోటీ బహెన్.. చూపు పోయిన చెల్లెలి కథ. 1981లో సింగీతం శ్రీనివాసరావు అమావాస్య చంద్రుడులో కమల్ హాసన్ చూపులేని వయొలిన్ కళాకారుడైతే, ఆ జంట ప్రేమకు అండగా నిలిచే చిలిపి తాతయ్య ఎల్వీ ప్రసాదే!

1982కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దక్కింది. అక్కడితో ఆగలేదు. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రి పెట్టాలనుకుంటే, ప్రసాద్ కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆస్పత్రి మొదలైంది. డబ్బు కట్టలేనివాళ్లకు ఉచిత వైద్యం అక్కడి పద్ధతి. తర్వాత విజయవాడ పక్కన తాడిగడపకూ వచ్చింది. పల్లెల్లో పెట్టిన విజన్ సెంటర్లలో కళ్లు పరీక్షించి అద్దాలిస్తారు. పెద్ద సమస్యైతే పై ఆస్పత్రికి పంపుతారు.

1994 జూన్ 22న ఎల్వీ ప్రసాద్ కన్నుమూశారు. ఆయన నవ్వులు సినిమాల్లో మిగిలాయి. పేరు మాత్రం చూపు మసకబారిన మనుషుల వెంట నడుస్తోంది.

ఇంతకీ ఈ వార్తను ఫోన్ దూరంగా పెట్టి చదువుతున్నారా? అయితే అది చత్వారం కావొచ్చు. ఓసారి కళ్లు చూపించుకోండి!