బీఏ పూర్తి కాకుండానే జెనీవా దాకా

వి.వి. గిరి అంటే మనలో చాలామందికి ఒక జీకే బిట్. భారతదేశ నాలుగో రాష్ట్రపతి, అంతే. నేను ఆయన గురించి చదివింది మాత్రం వేరే కారణంతో. బీటెక్ అయ్యాక అంతర్జాతీయ న్యాయం చదవాలని నాకుంది. దానికి ఏ డిగ్రీ కావాలి, సీఎస్‌ఈ వాళ్ళని రానిస్తారా అని చూస్తుంటే, వందేళ్ళ కిందటే అటువైపు వెళ్ళిన ఈ తెలుగాయన కనిపించారు.

వరాహగిరి వెంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. నాన్నగారు జోగయ్య పంతులు లాయరు. 1913లో గిరి గారు లా చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్ళారు.

అక్కడ బారిస్టర్ అవ్వాలంటే కింగ్స్ ఇన్స్ అనే సంస్థలో చదవాలి. దాంతోపాటు యూనివర్సిటీలో ఒక ఏడాది కోర్సు తప్పనిసరి. 1914-15లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఆ కోర్సు చేసిన మొదటి 13 మంది భారతీయుల్లో గిరి ఒకరు. రూల్ ప్రకారం అది చాలు. ఆయన మాత్రం బీఏలో కూడా చేరి ఇంగ్లీషు, రాజకీయ అర్థశాస్త్రం తీసుకున్నారు. ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనా 1916 ఏప్రిల్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. మే 3న బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. మనకి క్లాసు చెప్పే సార్‌ని అలా చంపేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పోలీసుల నిఘా అప్పటికే భారతీయ విద్యార్థుల మీద ఉంది. జూన్ 1న గిరికి నోటీసు వచ్చింది, నెలలో దేశం వదిలి పొమ్మని. జూన్ 21న ఆయన బారిస్టర్‌గా నమోదయ్యారు. బీఏ మాత్రం సగంలోనే ఆగిపోయింది.

తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1920లో సహాయ నిరాకరణ ఉద్యమం వస్తే దాన్నీ వదిలేశారు. ఆ తర్వాత ఎక్కువగా రైల్వే కార్మికుల మధ్యే ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. దీన్ని నడిపే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టింది. మనకి స్వాతంత్ర్యం లేకపోయినా మొదటి నుంచీ భారత్ అందులో సభ్య దేశమే. ఒక్కో దేశం నుంచి నలుగురు వెళ్తారు: ప్రభుత్వం తరఫున ఇద్దరు, యజమానుల తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఒకరు. ఆ నాలుగో మనిషిని ప్రభుత్వం తనకి నచ్చినట్టు పంపకూడదు, దేశంలోని ముఖ్యమైన కార్మిక సంఘాలు ఒప్పుకోవాలి. ఆ కుర్చీకి కావాల్సిన అర్హత అదే. అక్కడ ఎవరూ బీఏ సర్టిఫికెట్ అడగరు.

అలాంటి మనిషి అక్కడ ఉండాల్సిన అవసరం కూడా ఉంది. 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని అని. అందులోనే బ్రిటిష్ ఇండియాకి వేరే లెక్క పెట్టి వారానికి 60 గంటలు చేశారు.

గిరి 1937లో మద్రాసు రాష్ట్రంలో, 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో పదవికి రాజీనామా చేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, ఇంకో తెలుగాయన నీలం సంజీవరెడ్డిపై గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

ఇక మన సంగతి. అంతర్జాతీయ న్యాయంలో ఎల్‌ఎల్‌ఎం చేయాలంటే మన దగ్గర ముందు లా డిగ్రీ ఉండాలి. బీటెక్ వాళ్ళు లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చు. ఎల్‌ఎల్‌ఎం ఇంకో ఏడాది లేదా రెండేళ్ళు. లా వద్దు, అంతర్జాతీయ సంస్థలు ఎలా పనిచేస్తాయో చదివితే చాలు అనుకుంటే, ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏకి చాలా చోట్ల ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు.

నేను మొదటి దారికే వెళ్దామనుకుంటున్నా. ఇంజనీరింగ్ చదివి మళ్ళీ నాలుగైదేళ్ళు లా ఏంటని ఇంట్లో అడుగుతున్నారు, అడగాల్సిందే, ఫీజులు కట్టేది వాళ్ళు కదా. నా దగ్గరున్న జవాబు ఒకటే. మాది పల్నాడులో రాజుపాలెం. పక్కనే పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు, చుట్టూ మిరప చేలు. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళకి రోజుకి ఎన్ని గంటలు పని, ఎంత కూలి, పొగకి ఏ రక్షణ అనే విషయాల మీద జెనీవాలో ఒప్పందాలున్నాయి. వాటిని చదవడం నాకు లా డిగ్రీ నేర్పిస్తుంది. ఆ బట్టీల దగ్గర ఏం జరుగుతోందో మాత్రం వెళ్ళి అడిగే తెలుసుకోవాలి. దానికి లాసెట్ ర్యాంకు దాకా ఆగక్కర్లేదు, ఈ సెలవుల్లోనే మొదలుపెడతా.