మన్యం బాటలో మహావీరుడు – అల్లూరి సీతారామరాజు

మన కొరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రంలో చేరేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ మన్యంలో భాగంగానే ఉండేది. ఆ మన్యంలోనే, గూడెం కొండలలో, ఒక రహదారి నిర్మాణం ఒక మహావీరుని చరిత్రకు నాంది పలికింది. ఆయనే అల్లూరి సీతారామరాజు.

శ్రీరామరాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో వెంకటరామరాజు, సూర్యనారాయణమ్మ దంపతులకు జన్మించారు. పసితనంలోనే పితృవియోగం కలిగింది. చదువు నిలకడగా సాగకపోయినా సంస్కృతం, వైద్యం, జ్యోతిషం అభ్యసించారు. దేశాటన అనంతరం 1917లో కృష్ణదేవిపేట చేరి తాపసిగా జీవించారు. గిరిజనులకు మందులిచ్చి, తగవులు తీర్చి, మద్యపానం మానుడని బోధించి వారి హృదయాలలో స్థానం సంపాదించుకున్నారు.

ఆనాటి మన్యవాసుల బ్రతుకు దుర్భరమైనది. 1882 మద్రాసు అటవీ చట్టం వలన తాతలనాటి పోడు వ్యవసాయం నేరమయింది. కట్టెపుల్ల ఏరుకొనుటకు కూడా అధికారి దయ కావలసివచ్చెను. కొండలకు, మైదానానికి నడుమ వారధులుగా నిలిచిన ముఠాదారుల అధికారం క్షీణించింది. ప్రభుత్వం కొండలలో తన పట్టు బిగించుటకు రహదారులు అవసరమని తలచింది. సిబ్బంది, ఆయుధాలు, కలప కదలాలంటే కాలిబాటలు చాలవు కదా!

నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా దారి వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేపట్టాడు. గిరిజనులను నిర్బంధించి వెట్టిచాకిరీ చేయించాడు. న్యాయమైన కూలి ఇవ్వలేదు. పొలం పనులు మానుకొని, ఆకలితో, కొరడా దెబ్బలకు వెరచి వారు రాళ్ళు పగులగొట్టారు. బాస్టియన్ వలన బట్టిపనుకుల మునసబు పదవి కోల్పోయిన గాం గంటం దొర, ఆయన సోదరుడు మల్లు దొర రాజు పక్షాన నిలిచారు. దారి చెడ్డదని మన్యవాసులు తిరుగబడలేదు. దారి ఎవరి కొరకు, ఎవరి చెమటతో, ఎవరి ఆజ్ఞతో అన్నదే వారి ప్రశ్న.

రాజుపై అనుమానం కలిగిన అధికారులు 1922 ఆరంభంలో ఆయనను గూడెం నుండి తొలగించి కొంతకాలం పైడిపుట్టలో ఉంచారు. తిరిగి వచ్చిన రాజు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడి చేసి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను స్వాధీనం చేసుకున్నారు. తీసుకొన్న ఆయుధాల వివరం వ్రాసి మరీ వెళ్ళుట ఆయన ధైర్యానికి నిదర్శనం. సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద స్కాట్ కవర్డ్, హైటర్ అను అధికారులు మరణించారు. దారిలేని కొండలు ప్రభుత్వ దళాలకు అడ్డుగోడలైతే, కొండబిడ్డలకు అవే కోటలయ్యాయి.

మలబారు ప్రత్యేక పోలీసులను, అస్సాం రైఫిల్స్ దళాన్ని రప్పించినా పోరు సుమారు రెండేండ్లు సాగింది. ప్రభుత్వానికి 40 లక్షల రూపాయల వరకు వ్యయమైనదందురు. 1924లో ప్రత్యేక కమీషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డ్ గ్రామాలను తీవ్రంగా నిర్బంధించాడు. తమకు తిండి పెట్టినందుకు పల్లెవాసులు శిక్షలు అనుభవించవలసివచ్చుట ఉద్యమానికి గొడ్డలిపెట్టయింది. మంప వద్ద పట్టుబడిన రాజును 1924 మే 7న కొయ్యూరులో, విచారణ అన్నది లేకుండా, చెట్టుకు కట్టి కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరువది ఏడేండ్లు కూడా నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి నేటికీ ఉంది.

గంటం దొర మరుసటి నెలలో నేలకొరిగారు. మల్లు దొర అండమాను శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వెట్టిచాకిరీ చూచిన కొండబిడ్డ శాసనాలు చేసే సభలో కూర్చొనుట కంటె ఆ పోరాటానికి గొప్ప ఫలితమేమున్నది? 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యకేంద్రంగా రాజు పేర ఒక జిల్లా ఏర్పడింది.

తల్లిదండ్రులారా, పూర్వ విద్యార్థులారా! మన పాఠశాలకు వచ్చే పిల్లలలో కొండదారుల వెంట నడిచివచ్చినవారెందరో ఉన్నారు. దారులు కావాలి, బడికి, ఆసుపత్రికి, సంతకు చేర్చే దారులు తప్పక కావాలి. అయితే దారి వేయునపుడు ఆ నేలమీది మనిషిని అడిగి, అతని శ్రమకు తగిన ఫలమిచ్చి వేయవలెనని సీతారామరాజు జీవితం మనకు నేర్పుతున్నది. ఇంజనీర్లుగా, అధికారులుగా ఎదిగే మన విద్యార్థులు ఈ పాఠాన్ని మరువకుందురు గాక!