గుంటూరు కుగ్లర్ దొరసానిగారు

మన నెల్లూరు తీరపు పల్లెలనుండి ప్రసవవేదనలోనున్న స్త్రీని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు ఇంటివారు మొదట డాక్టరు పేరు అడుగరు. తోడు వచ్చినవారము ఎక్కడ పండుకొందుము, ఎక్కడ వండుకొందుము అని అడుగుదురు. దీనిని మేము పలుమారులు చూచితిమి. ఆ చింత ఎంత పెద్దదో ఎరిగిన ఒక వైద్యురాలిని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించిరి. 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొంది, 1883లో గుంటూరు వచ్చిరి. అయితే వైద్యురాలిగా కాదు. ఆమెను పంపిన లూథరన్ మిషనువారు వైద్యసేవకు ఇంకను సిద్ధపడలేదు గనుక, జెనానా ఇండ్లలో స్త్రీలకు బోధించు పనికి నియమించిరి. క్రొత్త పద్ధతికి పల్లెవారే జంకుదురని మనము తలంతుము. కమిటీవారును జంకుదురు!

ఆమె వాదులాడుచు కూర్చుండలేదు. బోధకు వెళ్లిన ఇండ్లలోనే రోగులను చూచుచు వచ్చిరి. పురుష డాక్టరు ఎదుటికి రాని ఘోషా స్త్రీలు ఆమెకు చేయి చాపి నాడి చూపిరి. 1885లో మిషను ఆమెను వైద్యురాలిగా అంగీకరించెను. 1886లో మందుల శాల, 1893లో ఆసుపత్రికి పునాదిరాయి, 1898లో ఆసుపత్రి. వచ్చిన నాటినుండి 15 ఏండ్లు.

కట్టడము లేచినంతమాత్రాన జనులు వత్తురా? క్రొత్త పరికరములు ఎన్ని యున్నను, తెల్లవారి యింట మందు త్రాగిన కులము చెడునని భయపడిన దినములవి. పరాయి దేశపు మాట రోగికి ధైర్యమియ్యదు గనుక తెలుగు అమ్మాయిలకు నర్సు పని నేర్పించిరి. మంచము ప్రక్కన మన భాష వినబడెను.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చి యింటికప్పు విప్పి దింపిరి. ఆ రాత్రి ఆ నలుగురు ఎక్కడ తినిరో మనమెన్నడైన ఆలోచించితిమా? గుంటూరులో దానిని ఆలోచించినవాడు క్రైస్తవుడు కాడు. కుగ్లర్ గారి వైద్యమువలన మేలుపొందిన కుటుంబపువాడు, ఏలూరు జమీందారు రాజా భుజంగరావు గారు. ఆయన కృతజ్ఞతతో ఆసుపత్రి యెదుట ఒక సత్రము కట్టించిరి. హిందూ రోగుల బంధువులు అక్కడ దిగి, తమ ఆచారము చొప్పున వండుకొని, తమవారి దగ్గరకు పోయి వచ్చుచుండిరి. మందు మారలేదు, కత్తి మారలేదు. గుమ్మము దాటుటకు అడ్డుగా నున్న భయము మాత్రము తగ్గెను.

కుగ్లర్ గారు 1930 జూలై 26న కన్నుమూసిరి. ఆ ఆసుపత్రికి జనులు ఆమె పేరే పెట్టుకొనిరి.