న్యాయమూర్తి రానడే

తీర్పు చెప్పేవారికి చట్టం తెలియాలి. తమ ఎదుట నిలిచిన మనిషి కష్టమూ తెలియాలి. ఈ రెండూ తెలిసిన న్యాయాధిపతి మహాదేవ గోవింద రానడే.

రానడే 1842 జనవరి 18న నాసిక్ జిల్లాలోని నిఫాడ్‌లో జన్మించారు. తండ్రి గోవిందరావు కొల్హాపూర్ సంస్థానంలో ఉద్యోగి. రానడే బాల్యం అక్కడే గడిచింది. పై చదువుల కోసం ఆయన బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చేరారు. బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి 1862లో మొట్టమొదట బి.ఎ. పట్టా పొందినవారిలో ఆయన ఒకరు. తరువాత ఎం.ఎ., న్యాయశాస్త్ర పరీక్షలలోనూ ఉత్తీర్ణులయ్యారు. ఎడతెగని చదువు వల్ల కంటిచూపు దెబ్బతిన్నా పుస్తకాన్ని విడిచిపెట్టలేదు.

1871లో రానడే పుణెలో సబ్ జడ్జిగా నియమితులయ్యారు. హైకోర్టు దాకా వెళ్లే స్తోమత లేని సామాన్యులకు ఇటువంటి కోర్టులే దిక్కు.

ఆనాడు దక్కను రైతులు అప్పులలో మునిగి ఉండేవారు. చదువురాని రైతు సాహుకారు రాసిన పత్రం మీద తన గుర్తు పెట్టేవాడు. ఎంత కట్టినా వడ్డీ తీరేది కాదు. కోర్టులో ఆ పత్రమే సాక్ష్యం. చివరకు భూమి సాహుకారు పాలయ్యేది, రైతు జైలు పాలయ్యేవాడు. 1875 మే నెలలో పుణె జిల్లాలోని సూపె గ్రామంలో రైతులు తిరగబడి అప్పు పత్రాలను తగులబెట్టారు. ఈ అలజడి అహమద్‌నగర్ జిల్లాకూ పాకింది. తరువాత 1876లో ఘోరమైన కరువు వచ్చింది. రానడే పుణె సార్వజనిక సభ ద్వారా గ్రామాల దుస్థితిని ప్రభుత్వానికి తెలియజేశారు.

ప్రభుత్వోద్యోగి ప్రజల పక్షాన మాట్లాడడం కొందరు అధికారులకు నచ్చలేదు. 1879లో వాసుదేవ బల్వంత ఫడ్కే తిరుగుబాటు చేసినప్పుడు రానడేను కూడా అనుమానించి ధులేకు బదిలీ చేశారు. ఆయన కుంగిపోలేదు. అక్కడా తన పని తాను శ్రద్ధగా చేశారు. క్రమంగా అనుమానం తొలగింది. 1881లో తిరిగి పుణె వచ్చారు.

ఇంతలో, 1879లోనే, ప్రభుత్వం దక్కను రైతుల కోసం ఒక చట్టం చేసింది. పుణె, సతారా, అహమద్‌నగర్ జిల్లాలలోనూ, తెలుగువారు ఎందరో స్థిరపడిన సోలాపూర్ జిల్లాలోనూ అది అమలైంది. దాని ప్రకారం జడ్జి పత్రం చూసి ఊరుకోకూడదు. అప్పు ఎలా పుట్టింది, అసలు ఎంత, వడ్డీ ఎంత, రైతు ఎంత చెల్లించాడు అని మొదటి నుంచి విచారించాలి. బాకీని వాయిదాలలో కట్టనివ్వవచ్చు. అప్పు తీర్చలేదని రైతును జైలుకు పంపరాదు. 1887లో రానడే ఈ చట్టం కింద ప్రత్యేక న్యాయాధిపతి అయ్యారు. జిల్లాలు తిరుగుతూ కింది కోర్టుల తీర్పులను పరిశీలించారు. జైలు తప్పినంత మాత్రాన రైతు కష్టం తీరదని, తక్కువ వడ్డీకి అప్పు దొరకాలని ఆయన భావించారు. ఈ విషయమై వ్యాసాలు కూడా రాశారు.

ఇతరులకు న్యాయం చెప్పిన రానడే ఒకసారి తన మాటకు తానే కట్టుబడలేకపోయారు. ఆయన వితంతు వివాహాలను సమర్థించేవారు. కాని 1873లో భార్య మరణించినప్పుడు, తండ్రి మాట కాదనలేక, పదకొండేళ్ల బాలిక రమాబాయిని పెళ్లాడారు. ఎందరో ఆయనను విమర్శించారు. ఆ విమర్శను ఆయన మౌనంగా భరించారు. ఇంట్లో పెద్దలకు ఇష్టం లేకపోయినా రమాబాయికి స్వయంగా చదువు చెప్పారు. 1884లో పుణెలో బాలికల ఉన్నత పాఠశాల స్థాపనకు తోడ్పడ్డారు. తరువాతి కాలంలో రమాబాయి సేవాసదన్ ద్వారా ఎందరో స్త్రీలకు చదువు, ఉపాధి కల్పించారు.

అదే కాలంలో ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహాలు జరిపిస్తున్నారు. ఇటువంటి సంస్కర్తలందరినీ ఒకచోట చేర్చాలని రానడే ఆశించారు. ఆయన పూనికతో 1887లో మద్రాసులో సంఘసంస్కరణ మహాసభ మొదటిసారి జరిగింది.

1893లో రానడే బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1901 జనవరి 16న కన్నుమూశారు. గోపాలకృష్ణ గోఖలే ఆయన శిష్యుడే. ఆ గోఖలేను గాంధీజీ తన రాజకీయ గురువుగా భావించారు. పెద్ద పదవి వచ్చింది చివరి ఏడేళ్లలోనే. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా రానడే కింది కోర్టులలోనే పనిచేశారు. రైతు గుర్తు పెట్టిన కాగితం వెనుక ఉన్న నిజాన్ని వెదికింది అక్కడే.