లిన్నేయస్ ట్రైప్

లిన్నేయస్ ట్రైప్ (ఏప్రిల్ 14, 1822 - మార్చి 2, 1902) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అధికారి, భారతదేశంలో తొలితరం ఫోటోగ్రాఫర్లలో ప్రముఖుడు. దక్షిణాది ఆలయాల చిత్రాలతో ఎక్కువ పేరు వచ్చినా, తెలుగువారికి ఇతడు అమరావతి శిల్పాలను 1858లో ఫోటోలు తీసిన వ్యక్తిగా ముఖ్యుడు. ఇతని ఫోటో సంపుటాలు నేడు అరుదైన గ్రంథాలుగా పరిగణింపబడుతున్నాయి.

జీవిత విశేషాలు

ట్రైప్ ఇంగ్లాండులోని డెవన్‌పోర్టులో జన్మించాడు. 1838లో కంపెనీ కొలువుకు ఎంపికై 12వ మద్రాసు పదాతి దళంలో చేరాడు. 1850 దశకం ఆరంభంలో సెలవుపై స్వదేశానికి వెళ్ళినపుడు ఫోటోగ్రఫీ నేర్చుకొని, 1853లో లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యుడయ్యాడు. 1854లో బెంగుళూరు తిరిగివచ్చి, హళేబీడు, బేలూరు ఆలయాలను చిత్రించాడు. మరుసటి ఏడు గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు వద్దకు పంపిన దౌత్యబృందంతో వెళ్ళి, రెండువందలకు పైగా నెగటివులు తెచ్చాడు. వాటినుండి 120 చిత్రాల సంపుటాలు 50 తయారు చేయించాడు.

ట్రైప్ వాడిన నెగటివులు చాలావరకు మైనం పట్టించిన కాగితమే. ఆకాశం అందులో వెలవెలబోయేది. ట్రైప్ నెగటివుపై రంగుతో మబ్బులు, చెట్ల ఆకులు దిద్దేవాడు. ఈ చేతిపని వల్ల ఇతని చిత్రాలను సులభంగా గుర్తించవచ్చు.

మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా నియమితుడై, 1857 డిసెంబరు నుండి శ్రీరంగం, మదురై, పుదుక్కోట, తంజావూరులలో పర్యటించాడు. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం మీది శాసనాన్ని 21 చిత్రాలు అతికించి, 19 అడుగులకు పైగా పొడవైన ఒకే పటంగా కూర్చాడు.

అమరావతి శిల్పాలు

పూర్వపు గుంటూరు జిల్లాలోని అమరావతి స్తూపం అప్పటికే చాలా నష్టపోయింది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కాలంలో దిబ్బ త్రవ్వి రాళ్ళు వాడుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచి, తరువాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వకాలు జరిపి, శిల్పాలను మద్రాసుకు చేర్పించాడు. అందుకే వాటికి ఇలియట్ మార్బుల్స్ అని పేరు వచ్చింది. నిజానికి అవి పాలరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాళ్ళు. మద్రాసులో అవి చాలాకాలం ఎండకూ వానకూ బయటే పడి ఉన్నాయి.

1858లో ట్రైప్ ఈ ఫలకాలను, మ్యూజియంలోని మరికొన్ని వస్తువులను ఫోటోలు తీశాడు. 75 చిత్రాలతో వెలువడిన ఆ సంపుటి గుంటూరు చరిత్రకు సంబంధించిన తొలి ఫోటో గ్రంథమనవచ్చు. మరుసటి ఏడాదే శిల్పాలలో అధికభాగం ఓడలో లండన్‌కు తరలిపోయాయి. అక్కడ కొన్నేళ్ళు పట్టించుకునేవారు లేకుండా పడి ఉండగా, 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని గుర్తించాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ప్రయాణానికి ముందు ఏ రాయి ఏ స్థితిలో ఉండేదో పోల్చి చూచుకొనటానికి ట్రైప్ చిత్రాలు ఆధారమయ్యాయి. ఒక ముక్క విరిగినా, అంచు అరిగినా అది ఎప్పుడు జరిగిందో తేల్చటంలో ఇవి ఉపయోగపడతాయి.

చివరి సంవత్సరాలు

1857 తిరుగుబాటు తరువాత ఖజానా ఖాళీ అయింది. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఈ ఫోటోగ్రఫీ పనిని ప్రభుత్వం భరించలేని విలాసంగా భావించి మూసివేయించాడు. ఎన్నో జిల్లాలు మిగిలిపోయాయి. ట్రైప్ ఆంధ్ర జిల్లాలలో సరిగా పర్యటించనే లేదు, అమరావతి రాళ్ళే మద్రాసులో ఇతనికి దొరికాయి. అటుతరువాత సైనికోద్యోగంలోనే కొనసాగి, ఫోటోగ్రఫీని దాదాపు విడిచిపెట్టాడు. 1870 దశకంలో స్వదేశానికి వెళ్ళి, గౌరవ మేజర్ జనరల్ హోదాతో పదవీ విరమణ చేశాడు. డెవన్‌పోర్టులో మరణించాడు.

ఇతని సంపుటాలు చాలా తక్కువ ప్రతులే తయారయ్యాయి. అవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీలలో ఉన్నాయి. 2014-15లో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్‌లలో ఇతని చిత్రాల ప్రదర్శన జరిగింది.